ఎండోమెట్రియోసిస్‌కి డైట్ కాగితం ఇచ్చారు, మన సంగటి ఇంట్లో ఎలా కుదురుతుంది?

తిరుచానూరు కోడలు
ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు.

నాకు 29. పెళ్లయి నాలుగేళ్లు. పెద్దమనిషి అయినప్పటి నుంచీ నెలసరి వస్తే మొదటి రెండు రోజులు మోకాళ్లు కడుపుకి ఆనించుకుని నేలమీద పడుకోవడమే. "అందరికీ ఉండేదే, పెళ్లయితే తగ్గుతుంది" అన్నారు. పెళ్లయ్యాక ఇంకా ఎక్కువైంది. పోయిన నెల దొడ్డికి కూర్చున్నా లోపల పొడిచినట్టు నొప్పి వస్తుంటే భయపడి స్కానింగ్ తీయించుకున్నాను. ఎడమ అండాశయంలో 3.5 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి) ఉందన్నారు. చీటీలో ఎండోమెట్రియోసిస్ అని రాశారు. మాత్రలు రాసి, లేచి వచ్చేటప్పుడు "యాంటీ ఇన్‌ఫ్లమేటరీ డైట్ (వాపు తగ్గించే తిండి) తీసుకోండి" అని ఒక ప్రింటు కాగితం చేతిలో పెట్టారు. అందులో అవకాడో, బ్లూబెర్రీ, సాల్మన్ చేప, క్వినోవా, ఆలివ్ నూనె ఉన్నాయి.

మాది ఉమ్మడి కుటుంబం. ఎనిమిది మందికి ఒకటే వంట. పొద్దున సంగటో ఇడ్లీయో, మధ్యాహ్నం అన్నం, పప్పు, పులుసు. సోమవారం, శనివారం నీచు ఉండదు. పెరటాసి (వెంకటేశ్వరస్వామి నెల అని మేం పాటించే తమిళ నెల) అంతా అసలే ఉండదు. అవకాడో ఒక్క కాయ ధర అడిగి వెనక్కి పెట్టేశాను.

అత్తమ్మ నువ్వులు, బెల్లం వేడి, ముట్టుకోవద్దంటుంది. మా అమ్మ నువ్వుల చిమ్మిలి తింటేనే గర్భసంచికి బలం అంటుంది. యూట్యూబులో ఒకాయన పాలు, గోధుమ పూర్తిగా మానేయాలన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌తో రెండు రోజులుగా సరిగ్గా తినడమే లేదు. మన ఇళ్లలో దొరికే వాటితో ఏం చేయొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

---

పలమనేరు రాగి
ఆదివారం, రాత్రి 11:15

అమ్మణ్ణీ, ముందు తిండి మానొద్దు. రేపు పొద్దున్నే సంగటి ముద్ద, దాంట్లోకి మునగాకు పప్పో ఊరిబిండో వేసుకుని కడుపునిండా తిను. నాకు 52. మా కాలంలో ఈ పేర్లేవీ లేవు. సంగటి, ఉలవల చారు, అనపకాయల పులుసు, సిర్రాకు తిన్నాం. ఏ నొప్పీ మా దగ్గరికి రాలేదు. ఇప్పటి పిల్లలకు మైదా, బేకరీ తిండి వల్లే ఇవన్నీ.

---

బైరాగిపట్టెడ ఆహారం
సోమవారం, ఉదయం 6:50

నేను తిరుపతిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. కోడలు గారూ, ఆ కాగితం అబద్ధం కాదు. వేరే దేశంలో వాళ్ల సంతలో దొరికే వాటితో రాసుకున్న కాగితం అది, అంతే. అందులో ఒక్కో వస్తువు ఎందుకు పెట్టారో తెలుసుకుంటే, ఆ పని చేసేవి మన వంటింట్లోనే కనబడతాయి.

మొదట నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట, అంటే అండాశయాల మీద, పేగుల దగ్గర, కడుపు లోపలి గోడ మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. నెలనెలా అక్కడ కూడా రక్తం ఊరుతుంది. బయటికి పోయే దారి ఉండదు. శరీరం దాన్ని గాయంలా చూసి వాపు తెప్పిస్తుంది. ఆ వాపులో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఎక్కువగా తయారవుతాయి. గర్భసంచిని పిండేసేవి, నొప్పిని పెంచేవి అవే. వాటి తయారీకి ముడిసరుకు మనం తినే కొవ్వు. ఒమేగా 6 రకం కొవ్వు నుంచి ఘాటైనవి తయారవుతాయి, ఒమేగా 3 రకం నుంచి తక్కువ ఘాటైనవి. తిండికీ ఈ నొప్పికీ ఉన్న అసలు సంబంధం ఇక్కడే ఉంది.

సాల్మన్ రాసింది ఒమేగా 3 కోసం. దానికి బదులు కవళ్లు (సార్డిన్), కానాగంతలు (మాకెరెల్) తినండి. సముద్రపు చేపల్లో చవకైనవి ఇవే, ఒమేగా 3 బాగా ఉండేవీ ఇవే. చెరువు చేపలో అంత ఉండదు. వారానికి రెండు సార్లు పులుసు పెట్టుకుంటే చాలు, వేపుడు వద్దు. నీచు లేని రోజుల్లో, పెరటాసిలో అవిసె గింజలు తీసుకోండి. సన్నని సెగ మీద దోరగా వేయించి పొడి కొట్టి, రోజుకు ఒకటి రెండు చెంచాలు మజ్జిగలోనో సంగటి మీదనో వేసుకోండి. గింజ గింజలాగే మింగితే అరగకుండా వెళ్లిపోతుంది. వారానికి సరిపడా కొట్టి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. అవిసెలోని ఒమేగా 3లో చాలా కొంచెమే చేపలో ఉండే రకంగా మారుతుంది కాబట్టి చేప తినగలిగినవాళ్లు అవిసెతోనే సరిపెట్టుకోకండి.

క్వినోవా రాసింది పీచు కోసం. మనకు రాగులు, కొర్రలు, ఉలవలు, అనపగింజలు ఉన్నాయి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలలో ఉండేదానికి ఇది రెట్టింపు పైనే. కొన్ని హార్మోన్ మాత్రలు ఎక్కువ కాలం వాడితే ఎముకల సాంద్రత కొంత తగ్గవచ్చు కాబట్టి మీకు ఇది పనికొస్తుంది. బ్లూబెర్రీకి బదులు నేరేడు, ఉసిరి, జామ, దానిమ్మ. కాలానికి ఏది దొరికితే అది.

ఆలివ్ నూనె కొనొద్దు. మీ ఇంట్లో వాడే శెనక్కాయల నూనెనే కొలతగా వాడండి. మానాల్సింది ఒకసారి వేపుడు చేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం, వనస్పతితో చేసిన పఫ్‌లు, బిస్కెట్లు. అమెరికాలో సుమారు 70 వేల మంది నర్సులను 12 ఏళ్లు గమనించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. చేపల్లో ఉండే ఒమేగా 3 అందరికంటే ఎక్కువగా తిన్నవాళ్లలో ఎండోమెట్రియోసిస్ 22 శాతం తక్కువగా, వనస్పతిలాంటి వాటిలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ ఎక్కువగా తిన్నవాళ్లలో 48 శాతం ఎక్కువగా కనబడింది. అలా అని ఇది తింటే అది వస్తుందని రుజువైపోలేదు. ఒక సూచన దొరికింది. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని నియమం వచ్చింది. అయినా బండి మీద రోజంతా మరిగే నూనెను ఎవరు కొలుస్తారు?

నువ్వుల సంగతి: వేడి అనే భయం వద్దు. రోజుకు ఒక చిన్న ఉండ నిక్షేపంగా తినండి. ఈ విషయంలో మీ అమ్మగారి వైపే నా ఓటు.

---

తిరుచానూరు కోడలు
సోమవారం, ఉదయం 7:20

అక్కా, చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కానాగంతలు నాకు చాలా ఇష్టం. "చౌక చేప" అని మా ఇంట్లో తేరు. ఈ రోజే మా ఆయనకు చెబుతాను.

---

గైనిక్ పీజీ
సోమవారం, మధ్యాహ్నం 2:05

నేను గైనకాలజీలో పీజీ చేస్తున్నాను. పైన ఆహారం అక్క రాసినదానితో ఏకీభవిస్తున్నాను. పలమనేరు పెద్దమ్మ రాసిన ఒక్క మాట మాత్రం నాకు బాధ కలిగించింది. ఆ కాలంలోనూ ఈ నొప్పి ఉంది. పేరు లేదు, చెప్పుకునే చోటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం బిడ్డలను కనే వయసులో ఉన్నవాళ్లలో నూటికి సుమారు 10 మందికి ఎండోమెట్రియోసిస్ ఉంటుంది. సంగటి మానినందుకు ఇది వచ్చిందని ఆ చెల్లికి అనిపిస్తే, తన జబ్బుకు తనే కారణమని కుమిలిపోతుంది. తిండి వల్ల వచ్చే జబ్బు కాదిది. కచ్చితమైన కారణం ఎవరికీ తెలియదు. తల్లికో అక్కకో ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది.

చెల్లీ, తిండితో వాపు కొంత తగ్గవచ్చు, నీరసం తగ్గవచ్చు, మలబద్ధకం తగ్గితే నొప్పీ కొంత తేలికపడుతుంది. ఉన్న చాక్లెట్ సిస్ట్‌ని మాత్రం ఏ తిండీ కరిగించదు. ఇచ్చిన మాత్రలు తిండి బాగుందని ఆపేయకు. నొప్పి మాత్ర కూడా నొప్పి పాకాన పడ్డాక కాకుండా మొదలవుతుండగానే, ఏదైనా తిన్న తర్వాత, డాక్టరు చెప్పిన మోతాదులోనే వేసుకో. ప్రోస్టాగ్లాండిన్లు తయారయ్యే దారిని ఆ మాత్ర అడ్డుకుంటుంది. అవి తయారైపోయాక వేసుకుంటే పని తక్కువ. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదు.

పెళ్లయి నాలుగేళ్లు అన్నావు. పిల్లల కోసం చూస్తున్నారా లేదా అన్నది నీ డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఏ మందు ఇవ్వాలో, ఆపరేషన్ చేయాలో వద్దో దాన్నిబట్టే ఉంటుంది. అండాశయం మీద సిస్ట్ తీసినప్పుడు అండాల నిల్వ కొంత తగ్గే అవకాశం ఉంది. ఎవరైనా ఆపరేషన్ అంటే "నా అండాల నిల్వ ఎంతుంది? తీయకపోతే ఏమవుతుంది?" అని అడుగు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి మామూలుగానే గర్భం వస్తుంది. ఇది కూడా గుర్తుపెట్టుకో.

---

పలమనేరు రాగి
సోమవారం, సాయంత్రం 6:30

డాక్టరమ్మా, నువ్వన్నది నిజమే. పొద్దుటి నుంచి ఆలోచిస్తా ఉన్నాను. మా చిన్నక్క నెలనెలా గడ్డివామి వెనక పోయి పడుకునేది. పని దొంగ అనేవాళ్లు. ఆమెకు పిల్లలు కలగలేదు. గొడ్రాలు అన్నారు. నొప్పి లేదని కాదు, మేము వినలేదు. ఆ అమ్మాయి మనసు నొచ్చుకుని ఉంటే క్షమించమని చెప్పు.

---

తిరుచానూరు కోడలు
సోమవారం, సాయంత్రం 6:48

పెద్దమ్మా, అంత మాట వద్దు. పొద్దున మీరు చెప్పాకే సంగటి తిన్నాను.

---

చిత్తూరు గాంధీరోడ్డు
సోమవారం, రాత్రి 9:55

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. నాకిప్పుడు 47. 31 ఏళ్లప్పుడు తెల్లబట్ట, నడుము నొప్పి అని ఒక ప్రైవేటు నర్సింగ్ హోంకి పోయాను. గర్భసంచి పుండు పడింది, తీయకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు. ఇద్దరు పిల్లలున్నారు గదా, ఇక దాంతో ఏం పని అన్నారు. వారంలో ఆపరేషన్ అయిపోయింది. అండాశయాలు కూడా తీసేశారని నాకు మూడేళ్ల తర్వాత ఇంకో చోట స్కానింగ్‌లో తెలిసింది. 31కే ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, 40 దాటేసరికి మోకాళ్లు, వెన్ను. రాయవేలూరు (వెల్లూరు) పోయి ఎముకల పరీక్ష చేయించుకుంటే గుల్లబారాయన్నారు.

మన రాష్ట్రంలో ఇది నా ఒక్కదాని కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 3 మంది అయితే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. అనవసరంగా ఇలా తీసేయకుండా మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. నాకు అప్పటికే ఆలస్యమైంది.

కోడలమ్మా, రేపు ఎవరైనా "తీసేస్తే పీడా పోతుంది" అంటే ఆ రోజే సంతకం పెట్టకు. ఇంకొక డాక్టరు దగ్గరికి పో. అన్ని కాగితాలు నీ దగ్గరే పెట్టుకో.

---

గైనిక్ పీజీ
సోమవారం, రాత్రి 10:30

గాంధీరోడ్డు అక్కా, మీకు జరిగింది చదివి మాట రాలేదు. ఇక్కడ చదివే ఆడపిల్లలందరి కోసం తెల్లబట్ట గురించి రాస్తాను. వాసన, దురద లేకుండా, తెల్లగానో నీళ్లలాగానో నెల మధ్యలో అయ్యేది మామూలు స్రావం. ఎముకలు కరిగి అలా పోతున్నాయని మన ఊళ్లలో నమ్మకం ఉంది, అది నిజం కాదు. పచ్చగా, పెరుగు విరిగినట్టు, చెడు వాసనతో, దురదతో అయితే అది ఇన్‌ఫెక్షన్. దానికి మందు ఉంది, ఆపరేషన్ అక్కర్లేదు. తెల్లబట్టతోపాటు పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే గర్భసంచికి, ట్యూబులకు ఇన్‌ఫెక్షన్ పాకి ఉండవచ్చు. దానికి యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడాల్సిందే. భర్తకు కూడా చికిత్స కావాల్సి రావచ్చు. మెంతులు నానబెట్టి తాగుతూ నెలలు గడిపితే ట్యూబులు మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్క చోట తిండి మీద ఆధారపడొద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

గర్భసంచి తీసినా, బయట పెరిగిన పొర అలాగే ఉంటే ఎండోమెట్రియోసిస్ నొప్పి మళ్లీ రావచ్చు. తీయాల్సిన సందర్భాలు ఉంటాయి, కాదనను. 29 ఏళ్లకు మొదటి మాటే అది కాకూడదు.

---

సహజ ఆరోగ్యం
మంగళవారం, ఉదయం 9:10

మా పసుపు క్యాప్సూల్స్ 90 రోజులు వాడితే సిస్ట్ పూర్తిగా కరుగుతుంది, గ్యారంటీ. ఆర్డర్ కోసం మెసేజ్ చేయండి.

---

నిర్వాహకురాలు
మంగళవారం, ఉదయం 9:25

పై సభ్యుడి ఖాతా నిలిపివేశాం. వచ్చిన ప్రశ్నలకు జవాబులు కావాలి కాబట్టి ఆ పోస్టు తీసేయడం లేదు. జబ్బు పోతుందని గ్యారంటీ ఇస్తూ మందు అమ్మడం ఇక్కడ కుదరదు.

---

బైరాగిపట్టెడ ఆహారం
మంగళవారం, ఉదయం 11:40

పసుపు గురించి నాకు నిన్నటి నుంచి ఏడు మెసేజ్‌లు వచ్చాయి. అందరికీ ఇక్కడే చెబుతున్నాను. పసుపులో వాపును తగ్గించే గుణమున్నది కర్కుమిన్. అది పసుపులో నూటికి 3 వంతులే ఉంటుంది. మీరు పప్పులో వేసే చిటికెడులో ఎంత ఉంటుందో ఊహించండి. అది కూడా ఒంటికి సరిగ్గా పట్టదు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు 1998లో మిరియాల్లోని పిపెరిన్‌ని కర్కుమిన్‌తో కలిపి ఇస్తే మనుషుల రక్తంలోకి 20 రెట్లు ఎక్కువగా చేరిందని చూపించారు. మన మిరియాల చారులో పసుపు, మిరియం, తాలింపులో కొంచెం నూనె కలిసి ఉండటం ఎంత చక్కగా ఉందో చూడండి. కర్కుమిన్ కొవ్వులోనే కరుగుతుంది.

వంటలో పసుపు రోజూ వాడండి. క్యాప్సూల్ రూపంలో పెద్ద మోతాదు మాత్రం డాక్టరును అడగకుండా వద్దు. రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లకు ప్రమాదం, కొందరికి కాలేయం దెబ్బతిన్నది కూడా. కొమ్ములు కొని ఆడించుకోండి. మరీ మెరిసే పసుపు పొడిలో సీసం కలిసిన రంగు కలిపి ఉండొచ్చు, అది విషం.

అల్లానికి మాత్రం నెలసరి నొప్పి విషయంలో కాస్త మంచి ఆధారం ఉంది. నొప్పి ఉండే మొదటి మూడు నాలుగు రోజులు రోజుకు ముప్పావు గ్రాము నుంచి 2 గ్రాముల దాకా శొంఠి పొడి ఇచ్చి చూసిన అధ్యయనాల్లో నొప్పి తగ్గింది. అర చెంచా శొంఠి రెండు విడతలుగా, బెల్లంతోనో వేడినీళ్లతోనో. బాలింతకు శొంఠి కారం పెట్టిన మన అవ్వలకు ఇది కొత్త సంగతి కాదు.

పాలు, గోధుమ మానేయమన్న యూట్యూబు ఆయన సంగతి. అందరూ మానాల్సిన పని లేదు. పాలు మానితే మాంసకృత్తులు, కాల్షియం ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు? అయితే ఎండోమెట్రియోసిస్ ఉన్న కొందరికి కడుపు ఉబ్బరం, గ్యాస్, ఒకసారి విరేచనాలు, ఒకసారి మలబద్ధకం బాగా ఉంటాయి. వాళ్లకు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, కొన్ని పప్పులు కొన్ని వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటిగా మళ్లీ కలుపుతూ ఏది పడటం లేదో కనిపెట్టే పద్ధతి ఉంది. తక్కువ ఫాడ్‌మ్యాప్ డైట్ అంటారు, ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేశారు. ఇది ఎవరో ఒక డైటీషియన్ పక్కన ఉండి చేయించాలి. జీవితాంతం మానేసేది కాదు.

---

శ్రీసిటీ షిఫ్ట్
మంగళవారం, రాత్రి 11:50

ఇప్పుడే బస్సు దిగాను. నాకు 24, ఫ్యాక్టరీలో పని. నాది కొంచెం వేరే సమస్య, ఇక్కడే అడుగుతున్నాను. లైన్‌లో ఉండగా మాటిమాటికి బాత్రూంకి పోలేక నీళ్లే తాగను. ఈ ఏడాది మూడు సార్లు మూత్రంలో మంట, పొత్తికడుపు బరువు. ప్రతిసారీ మెడికల్ షాపులో మాత్ర తీసుకుంటున్నాను. క్రాన్‌బెర్రీ జ్యూస్ తాగమంటున్నారు. అది కొంటే నా జీతం సగం పోతుంది.

---

గైనిక్ పీజీ
బుధవారం, ఉదయం 6:15

చెల్లీ, నీళ్లు. క్రాన్‌బెర్రీ వద్దు, నీళ్లు తాగు. నీలాగే తక్కువ నీళ్లు తాగే, మాటిమాటికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ల చేత రోజుకు ఒకటిన్నర లీటరు అదనంగా తాగించి ఏడాది పాటు చూస్తే ఇన్‌ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. 2018లో వచ్చిన అధ్యయనం. షిఫ్ట్ ముందు రెండు గ్లాసులు, బ్రేక్‌లో రెండు, దిగాక రెండు. మూత్రం ఆపుకోవద్దు. బాత్రూంకి వెళ్లడం నీ హక్కు, సూపర్‌వైజర్‌కి మొహమాటపడకు. షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోవడం ఈసారికి ఆపి, మూత్రం కల్చర్ పరీక్ష చేయించు. మూడు సార్లంటే ఏ సూక్ష్మజీవి, దేనికి లొంగుతుందో తెలియాలి. జ్వరం, చలి, వీపు పక్కన నొప్పి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు.

---

ఫిజియో వదిన
బుధవారం, మధ్యాహ్నం 1:30

పొత్తికడుపు అడుగున గిన్నెలాగా కొన్ని కండరాలుంటాయి. మూత్రసంచిని, గర్భసంచిని, పేగు చివరి భాగాన్ని మోసేవి అవే. వాటికి చికిత్స చేయడమే నా పని. మలబద్ధకంతో రోజూ ముక్కితే ఆ గిన్నె సాగిపోతుంది. దగ్గితే, తుమ్మితే మూత్రం పడటం, గర్భసంచి కిందికి జారడం వాటివల్లే. మన ఇళ్లలో బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చి, కూరలు పెట్టకుండా పత్యం చేయిస్తారు. పత్యం కారం నాకూ ఇష్టమే. అయినా పీచు, నీళ్లు లేకుండా పదిహేను రోజులు ఉంటే ప్రసవంలో ఒకసారి సాగిన కండరాలు మళ్లీ ముక్కుడు భరించాలి. ఇది చూసి నాకు చాలా బాధేస్తుంది.

ఇంకో మాట. నెట్‌లో చూసి అందరూ కీగల్ వ్యాయామాలు (ఆ కండరాలను బిగించి వదిలేవి) చేస్తున్నారు. మూత్రం కారేవాళ్లకు అవి మంచివి. కోడలమ్మలాగా ఏళ్ల తరబడి నొప్పి పడినవాళ్లకు ఆ కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. వాటిని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. ముందు వదులు చేయడం నేర్చుకోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట పైకి లేచేలా నిదానంగా ఊపిరి పీల్చి, వదిలేటప్పుడు కింది భాగం మొత్తం వదిలేయాలి. రోజుకు ఐదు నిమిషాలు. వేడినీళ్ల బ్యాగు కూడా పెట్టుకోవచ్చు. భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి, అది ఈ జబ్బు లక్షణమే.

---

కుప్పం తమ్ముడు
బుధవారం, రాత్రి 8:40

మగవాళ్లు ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. నా భార్యకూ ఇదే జబ్బు. ఆమె రాయదు, నేనే చదివి ఆమెకు చెబుతున్నాను. ఇక్కడ చదివాక ఒకటి తెలిసింది. డైట్ కాగితం ఆమె చేతిలో పెట్టారు. వంట చేసేదీ ఆమే. అందరికీ వండి, తనకు వేరేగా ఇంకొకటి వండుకునే ఓపిక నొప్పి ఉన్న మనిషికి ఎక్కడిది? నెలసరి మొదటి రెండు రోజులు నేనే వండుతున్నాను. సంగటి కెలకడం నిన్నటికి వచ్చింది. ముందు నూకలు బాగా ఉడికాక పిండి వేయాలని మా అమ్మ నేర్పింది.

ఒక సందేహం. ఆమెకు రక్తం (హిమోగ్లోబిన్) 8.4 ఉంది. ఐరన్ మాత్రలు వేస్తే మలబద్ధకం. ఏం చేయాలి?

---

బైరాగిపట్టెడ ఆహారం
బుధవారం, రాత్రి 9:30

తమ్ముడూ, తప్పకుండా రాయొచ్చు. మీరు చేస్తున్నది ఆ కాగితంలో ఉన్న అన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైనే రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. 8.4 అంటే తిండితో సరిపెట్టే దశ దాటింది, మాత్ర కావాలి. రోజూ పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి, అలా ఇచ్చే పద్ధతి ఉంది. మాత్ర వేసుకున్నాక టీ, కాఫీ గంటన్నర రెండు గంటలు వద్దు, ఐరన్‌ని అవి ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసమో ఉసిరికాయో దాంతోపాటు తీసుకుంటే పడుతుంది. ఆకుకూర పప్పులో చివర నిమ్మకాయ పిండండి. మాంసం తినేవాళ్లయితే వారానికొకసారి కొంచెం మేక కాలేయం, గర్భిణి కాకపోతే. రక్తస్రావం ఎక్కువగా ఉందేమో కూడా చూపించండి. కుండకు చిల్లి ఉంటే పైనుంచి ఎంత పోసినా నిలవదు.

---

తిరుచానూరు కోడలు
మూడు నెలల తర్వాత, ఆదివారం, రాత్రి 10:05

అందరికీ మళ్లీ నమస్కారం. చెప్పకుండా ఉండలేక వచ్చాను.

నొప్పి పోలేదు. ముందు పదికి తొమ్మిది అనుకుంటే ఇప్పుడు ఐదు. ఎక్కువ భాగం మాత్రల వల్లే అయ్యుంటుంది, డాక్టరు గారూ అదే అన్నారు. సిస్ట్ 3.1 ఉంది. కడుపు ఉబ్బరం మాత్రం బాగా తగ్గింది, దొడ్డికి కూర్చుంటే ఆ పొడుపు లేదు. మంగళవారం, శుక్రవారం కానాగంతల పులుసు. ఇంట్లో అందరూ అదే తింటున్నారు, వేరే వంట లేదు. పెరటాసిలో అవిసె పొడి మజ్జిగలో వేసుకున్నాను. వేపుళ్ల నూనె డబ్బా అత్తమ్మే తీసేసింది. శొంఠి నాకు పడలేదు, గుండెల్లో మంట వచ్చింది, ఆపేశాను. ఫిజియో వదిన చెప్పిన ఊపిరి వ్యాయామం మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు.

ఇంకొకటి అడగాలి. మా చిన్న ఆడపడుచుకి 16. నెలనెలా రెండు రోజులు స్కూలు మానేస్తుంది, వాంతులు కూడా. మొన్న అది ముడుచుకుని పడుకుంటే అత్తమ్మ నా దగ్గరికి వచ్చి "దీనికీ నీలాగే ఉందేమో, నువ్వు పోయే డాక్టరమ్మకు చూపిద్దాం" అంది. పెళ్లి కాని పిల్లకు స్కానింగ్ ఎలా చేస్తారోనని ఆమెకు భయం.

---

గైనిక్ పీజీ
ఆదివారం, రాత్రి 10:50

పైనుంచే, పొట్ట మీద పెట్టి చేస్తారమ్మా. లోపలి పరీక్ష అవసరం లేదు. నాలుగు గ్లాసుల నీళ్లు తాగి మూత్రం నిండుగా ఉన్నప్పుడు రమ్మంటారు. మీరు గానీ అత్తమ్మ గానీ పక్కనే ఉండొచ్చు, ఉంటామని ముందే చెప్పండి. స్కానింగ్ మామూలుగా వచ్చినా "ఏమీ లేదు" అని ఊరుకోవద్దు. ఈ వయసులో ఎండోమెట్రియోసిస్ చాలాసార్లు స్కాన్‌లో కనబడదు. స్కూలు మానేంత నొప్పి అంటే దానికి చికిత్స ఇవ్వాలి. మూడు నెలల నెలసరి తేదీలు, ఎన్ని రోజులు స్కూలు మానింది, ఏ మాత్ర వేస్తే ఎంత తగ్గింది, ఒక నోటు పుస్తకంలో ఆ పిల్ల చేతే రాయించి తీసుకురండి. మీకు ఈ జబ్బు ఉండటం ఆ పిల్ల విషయంలో లెక్కకు రాదు, మీది రక్తసంబంధం కాదు కదా. అత్తమ్మకో వాళ్ల అక్కచెల్లెళ్లకో ఇలాంటి నొప్పి ఉండేదా అన్నది అడిగి అదీ రాయండి.

---

తిరుచానూరు కోడలు
ఆదివారం, రాత్రి 11:02

ఇప్పుడే అడిగాను డాక్టరు గారూ. అత్తమ్మకే ఉండేదంట. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదంట. గురువారం ముగ్గురం కలిసి వెళ్తున్నాం.